ఏ సాఫ్ట్‌వేర్ నేర్పుతారో ముందు అడగండి

వేసవి సెలవులు వస్తున్నాయంటే మన వాట్సాప్ గ్రూపుల నిండా కోర్సుల పోస్టర్లే. ఒకప్పుడు టైపు, హిందీ పరీక్షలు, సంగీతం ఉండేవి. ఇప్పుడు వాటి పక్కన వీడియో ఎడిటింగ్ చేరింది. పదో తరగతి రాసిన పిల్లల నుంచి డిగ్రీ చదివేవాళ్ళ దాకా అందరికీ అదే కావాలి. మనం ఫీజు ఎంతో అడుగుతాం, ఎన్ని రోజులో అడుగుతాం, వచ్చేటప్పుడు ఆటో దొరుకుతుందా అని కూడా అడుగుతాం. ఏ సాఫ్ట్‌వేర్ మీద నేర్పుతారని మాత్రం అడగం. అదేదో మాస్టారి విషయం అనుకుంటాం. నన్నడిగితే అది మాస్టారి విషయం కంటే ముందు ఇంటి బడ్జెట్ విషయం.

ఎందుకంటారా? మన ఊళ్ళలో చాలా చోట్ల నేర్పేది అడోబీ ప్రీమియర్ ప్రో. మంచిదే, ఆఫీసుల్లో వాడేదే. కానీ 2013 నుంచి అడోబీ తన కొత్త వెర్షన్లను ఒకసారి కొని ఉంచుకునే పద్ధతి ఆపేసి, చందా పద్ధతి పెట్టింది. కేబుల్ బిల్లులా కడుతూనే ఉండాలి. కట్టడం ఆపితే మనం చేసుకున్న ప్రాజెక్టు కూడా తెరుచుకోదు. ఫైనల్ కట్ ప్రో అయితే యాపిల్ వాళ్ళది, విండోస్ ల్యాప్‌టాప్‌లో నడవదు.

మా ఆడపడుచు కూతురు రెండు నెలలు కోర్సు చేసింది. ల్యాబులో చక్కగా చేసేది. కోర్సు అయ్యాక ఇంట్లో సాధన చేసుకోవడానికి ఏమీ లేదు. అడిగితే సెంటర్‌లో ఒకాయన పెన్‌డ్రైవ్‌లో ‘క్రాక్’ కాపీ ఇచ్చి, యాంటీవైరస్ ఆపేసి ఎక్కించుకోమన్నాడట. వారం తిరక్కుండా ల్యాప్‌టాప్ మొరాయించింది. ఫార్మాట్ చేయిస్తే అందులో ఉన్న ఫొటోలన్నీ పోయాయి. ఫొటోల సంగతి అలా ఉంచండి. పరీక్షలో చూసి రాయకూడదని చెప్పే మనం, చదువు చెప్పేచోటే దొంగ కాపీ చేతిలో పెడితే ఊరుకుంటున్నామేం?

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. మన ఇళ్ళలో కొత్త ల్యాప్‌టాప్ ఎవరికి కొంటాం? ఇంజినీరింగ్‌లో చేరిన అబ్బాయికి. వాడి పాతది చెల్లెలికి వస్తుంది. ఆ పాత ల్యాప్‌టాప్‌లో నడవని సాఫ్ట్‌వేర్ నేర్పితే ఆ పిల్ల చదువు ల్యాబు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో, పైసా కట్టకుండా, దొంగతనం లేకుండా తెరుచుకునేదే ముందు నేర్పాలంటాను.

అలాంటివి ఉన్నాయి. కేడెన్‌లైవ్, షాట్‌కట్ రెండూ పూర్తిగా ఉచితం. వీడియో బరువుగా ఉంటే దానికి చిన్న నకలు తయారు చేసుకుని, ఆ నకలు మీద పని చేసే వీలుంది, దాన్నే ప్రాక్సీ అంటారు. పాత ల్యాప్‌టాప్‌కి అది పెద్ద ఊరట. కేరళ ప్రభుత్వ బడుల్లో కైట్ అనే సంస్థ ద్వారా ఏళ్ళ తరబడి ఉచిత సాఫ్ట్‌వేర్లతోనే పాఠాలు నడుస్తున్నాయి. అక్కడి ‘లిటిల్ కైట్స్’ క్లబ్బుల పిల్లలు కేడెన్‌లైవ్‌లోనే ఎడిటింగ్ నేర్చుకుంటారు. ఇంకాస్త మంచి కంప్యూటర్, అంటే 16 జీబీ ర్యామ్ ఉన్నది ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఉంది. సినిమాలకు రంగులు దిద్దడానికి పుట్టిన సాఫ్ట్‌వేర్ అది. దాని ఉచిత వెర్షన్‌తోనే డిగ్రీ పిల్లలకు కావలసిన పని దాదాపు అంతా అయిపోతుంది.

“ఉద్యోగాలకు ప్రీమియరే అడుగుతున్నారండీ” అంటారు సెంటర్ల వాళ్ళు. నిజమే, కాదనను. ఉద్యోగానికి వెళ్ళబోయే పిల్లలకు చివరి నెలలో, ల్యాబులో, సెంటర్ లైసెన్సు మీద అది నేర్పండి. మొదటి మెట్టు మాత్రం అది కానక్కరలేదు. ఎందుకంటే ఏ సాఫ్ట్‌వేర్ కూడా శాశ్వతం కాదు. 2011లో ఫైనల్ కట్ కొత్త రూపంలో వచ్చినప్పుడు పాత ప్రాజెక్టులు అందులో తెరుచుకోలేదు. మన పిల్లలు మొదట నేర్చుకున్న విండోస్ మూవీ మేకర్‌ని మైక్రోసాఫ్ట్ 2017లో ఆపేసింది. ఫోన్లలో అందరూ వాడిన వీవావీడియో 2020 జూన్‌లో టిక్‌టాక్‌తో పాటు మన దేశంలో నిషేధంలోకి వెళ్ళింది. బటన్లు మాత్రమే నేర్చుకున్నవాళ్ళు ప్రతిసారీ మళ్ళీ మొదటికొచ్చారు.

మరి ఏది మారదు? హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ ‘అపోకలిప్స్ నౌ’ని ఫిల్మ్ మీద కోశాడు, ‘ద ఇంగ్లిష్ పేషెంట్’ని అవిడ్‌లో, ‘కోల్డ్ మౌంటెన్’ని ఫైనల్ కట్‌లో చేశాడు. మన శ్రీకర్ ప్రసాద్ గారు ఫిల్మ్ రీళ్ళ కాలంలో మొదలుపెట్టి ‘ఆర్ఆర్ఆర్’ దాకా వచ్చారు. పరికరం మారింది, చెయ్యి అదే. మర్చ్ తన పుస్తకంలో కోతకు ఆరు కొలతలు చెప్పి, భావానికి సగం కంటే ఎక్కువ విలువ ఇచ్చాడు.

బీఏలో తెలుగు చదివినదాన్ని కాబట్టి నాకు సంధులు గుర్తొస్తాయి. ‘రాముడు’, ‘అతడు’ కలిస్తే ‘రాముడతడు’ అవుతుంది. కలిసేచోట ఒక ఉకారం పోవాలి. రెండు షాట్లు కలిసేచోటా అంతే, ఏది తీసెయ్యాలో తెలియాలి. పెళ్ళి వీడియోలో మండపం కనబడక ముందే సన్నాయి వినిపిస్తే మనసు ముందే అక్కడికి పోతుంది. దాన్ని జె-కట్ అంటారు. ఇది ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకున్నా ఒకటే, చందా కట్టి నేర్చుకున్నా ఒకటే. ఇది వచ్చిన పిల్లలు కొత్త సాఫ్ట్‌వేర్‌కి కొన్ని వారాల్లో అలవాటు పడతారు.

కాబట్టి ఈసారి ఫీజు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. కోర్సు అయ్యాక ఇది మా ఇంటి కంప్యూటర్‌లో నడుస్తుందా? దానికి నెలనెలా కట్టాలా? కాపీ లైసెన్సుదేనా? కోర్సు చివరికి పిల్ల సొంతంగా పూర్తి చేసిన వీడియో ఒక్కటైనా చేతిలో ఉంటుందా? వీటికి సూటిగా జవాబు చెప్పే సెంటర్ ఇంటికి కాస్త దూరమైనా సరే, అక్కడే చేర్పించండి.