ముసలోళ్ళకు నిద్ర అక్కరలేదా?



"వయసు మళ్ళినోళ్ళకు ఎలాగూ నిద్ర పట్టదు, రాత్ పాళీ వాళ్ళకే ఇవ్వండి" అని భివండీలో ఒక సేఠ్ మా ముఖం మీదే అన్నాడు. పచ్చి అబద్ధం! అరవై అయిదు దాటినా 7, 8 గంటల నిద్ర కావాలనే డాక్టర్లు చెబుతున్నారు. వయసుతో నిద్ర పలచబడుతుంది గాని, దాని అవసరం తీరిపోదు.

రాత్రి నిద్రలో రక్తపోటు సాధారణంగా నూటికి 10 నుంచి 20 వంతులు దిగుతుంది. గుండెకు విశ్రాంతి అప్పుడే. పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడ్డవాడికి అది ఎప్పుడు? పగలు పడుకుందామంటే ఒక్క ఖోలీలో పదిమంది, పైన కాగే రేకులు, గోడ అవతల మళ్ళీ సాంచాల మోత. నాలుగు గంటలు కన్నంటితే గొప్ప. (అందుకోసం మందు తాగేవాళ్ళూ మనలో ఉన్నారు. అది నిద్ర కాదు, మత్తు.) ఏళ్ళ తరబడి ఇలా సాగితే బీపీ, గుండెజబ్బు ముంచుకొస్తాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో గుండెను కాపాడే ఎనిమిది సూత్రాల్లో నిద్రను కూడా చేర్చింది. మనవాడు సాంచా దగ్గర కూలితే మాత్రం సేఠ్ నోట "వయసైపోయింది" అన్న మాటే!

రోజుకు 9 గంటలు మించరాదని 1948 ఫ్యాక్టరీల చట్టమే అన్నది. మన షెడ్లలో అది ఏనాడు అమలైంది?

యాభై అయిదు దాటినవారిని కూలి కోయకుండా దిన్ పాళీకి మార్చాలి. సంతకాల కాగితంతో ఈ ఆదివారం ఖోలీ ఖోలీకి వస్తున్నాం.