పూలతోట: శ్రమ తక్కువగు ప్రెయిరీ మొక్కలు

అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున కాపురమున్న మన ఆడుపడుచులకై యీ మాసము ప్రెయిరీ తోటను గూర్చి వ్రాయుచున్నాము. ప్రెయిరీ యన నచటి గడ్డిబయలు. ఒకప్పుడు ఆ రాష్ట్రమున దాదాపు 2 కోట్ల 20 లక్షల ఎకరములు వ్యాపించిన యీ బయలు సాగునకు లోనై, నేడు వేయింట నొకవంతైనను చెడక మిగులలేదు. కావున నింటిముంగిట నా నేల మొక్కలను పెంచుట వేడుక మాత్రమే కాదు, తేనెటీగలకు అన్నసత్రము పెట్టుటయే.

ఎండ బాగుగా తగులు చోటు నెంచుకొనుడు. ఊదావన్నె ఎకినేసియా, పసుపువన్నె రుడ్బెకియా, నడుమ లిటిల్ బ్లూస్టెమ్ గడ్డి దుబ్బులు నాటుడు. మన పెరళ్ళలోని గైలార్డియాయు వీని కుటుంబపుదే, అమెరికానుండి వచ్చినదే. ఒక్కొక్క జాతిని మూడేసి, అయిదేసి గుంపులుగా నాటిన కంటికింపు. ఎరువు వేయరాదు, కాడలు బలిసి యొరిగిపోవును.

మొదటి యేడు నీరు పోసి కలుపు తీయవలయును. వేళ్ళు లోతునకు దిగువరకు పైకి పెరుగుదల కానరాదు, నిరాశతో పెరికివేయకుడు. మూడవ యేట నిండుగా పూచును. ఎండిన కాడలను చలికాలమంతయు నుంచుడు. గింజలు పిట్టల పాలు. చలి వెడలువేళ నొక్కమారు కోసిన చాలును. చికాగోలో 2004లో తెరచిన లూరీ తోటను ఒకమారు చూచిన నీ పద్ధతి తేటపడును.