పన్ను సరే, రక్షణ ఏదీ?

నెలకు 40 శాతం దాకా రాబడి ఆశ చూపి మదుపరుల నుంచి బిట్‌కాయిన్లు సేకరించిన బిట్‌కనెక్ట్ 2018 జనవరిలో కుప్పకూలింది. సూరత్ సి.ఐ.డి. పోలీసుల కేసుల ఆధారంగా ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ రూ.1,646 కోట్ల క్రిప్టో ఆస్తులను స్వాధీనం చేసుకున్నది 2025 ఫిబ్రవరిలో, అంటే ఏడేళ్ళ తరువాత!

బిట్‌కాయిన్ బదిలీ ఒకసారి ధ్రువపడితే దానిని రద్దు చేయగల బ్యాంకు లేదు. వాలెట్ రహస్య సంకేతం పోతే సొమ్ము పోయినట్లే. సూరత్ జిల్లాలోని కామ్‌రేజ్ వంటి ఊళ్ళ చిన్న మదుపరికి ఈ సంగతి ముందుగా చెప్పే బాధ్యత ఎవరిది?

2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను విధిస్తున్న కేంద్రం, నష్టాన్ని మాత్రం ఏ లాభంలోనూ మినహాయించనివ్వదు. లాభంలో వాటా కోరే ప్రభుత్వం, మోసపోయినవారి మొర ఆలకించే ప్రత్యేక యంత్రాంగాన్ని కూడా ఏర్పాటు చేయడం న్యాయం.