కాశీకి సొరంగం

నేను ఫిజిక్సు చదివినదాన్ని కాను. బి.ఏ.లో చరిత్ర చదివి, నవలలు రాసుకుంటూ బతుకుతున్నదాన్ని. అలాంటి నాకు వార్మ్‌హోల్ గొడవ ఎందుకంటారా? ఆ గొడవలో నేనూ ఓ తప్పు చేశాను గనక. చప్పట్లు కొట్టాను.

విజయనగరం దగ్గర ఓ బడి వార్షికోత్సవానికి పిలిస్తే వెళ్ళాను. వేదిక మీద నా పక్కనున్న పెద్దమనిషి లేచారు. పట్టుపంచె, కంచుకంఠం. "శ్రీకూర్మం గుళ్ళోంచి కాశీకి సొరంగం వుందని మన పెద్దలు ఏనాడో చెప్పారు. దాన్నే ఇవాళ సీమవాళ్ళు వార్మ్‌హోల్ అని పేరు మార్చి మనకే అమ్ముతున్నారు!" అన్నారు. పందిరి దద్దరిల్లింది. నేనూ చేతులు కలిపాను. వేదిక మీద కూర్చుని ఊరుకుంటే ఏం బావుంటుంది చెప్పండి?

అప్పుడు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచింది. "మరి ఆ కన్నం మూసుకుపోకుండా ఏటి పట్టుకుంటాది సార్?" అంది.

"కూర్చోమ్మా, దేనికైనా నమ్మకం వుండాలి" అన్నారాయన. అందరూ నవ్వారు. పిల్ల కూర్చుంది.

ఇంటికొచ్చాక ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. పుస్తకాలు తెప్పించుకున్నాను, తెలిసినవాళ్ళని విసిగించాను. చివరికి తేలిందేమిటయ్యా అంటే, ఆ గుంట అడిగిందే అసలు ప్రశ్న!

మామిడిపండు మీద పాకే చీమ ఈ పక్కనుంచి ఆ పక్కకి వెళ్ళాలంటే చుట్టూ తిరగాలి. లోపల తొలుచుకుపోయే పురుగుకి అడ్డదారి. మనమూ, నక్షత్రాలూ వున్న చోటంతా ఆ పండు తొక్క అనుకోండి. అలాంటి అడ్డదారి వుండొచ్చునని ఐన్‌స్టీన్, నేథన్ రోజెన్ 1935లో లెక్కల్లో చూపారు. పురుగు పేరు 1957లో వీలర్ పెట్టారు. అయితే ఆ దారి వెలుతురు కూడా దాటలేనంత వేగంగా మూసుకుపోతుందని 1962లో ఆయనా, ఫుల్లరూ కలిసి తేల్చారు.

ఆ తర్వాత సంగతి మా రచయితలకి గర్వకారణం. ఖగోళ శాస్త్రజ్ఞుడు కార్ల్ సాగన్ ఓ నవల రాస్తూ, కథానాయికని నక్షత్రాల దగ్గరికి పంపే దారేదని స్నేహితుడు కిప్ థార్న్‌ని అడిగారు. థార్న్, ఆయన శిష్యుడు మోరిస్ 1988లో జవాబు ప్రకటించారు. కన్నం తెరిచి వుంచాలంటే సున్న కంటే తక్కువ శక్తి గల వింత పదార్థం కావాలిట. రెండు లోహపు పలకల్ని బాగా దగ్గరగా చేరిస్తే ఆ జాతి శక్తి రవ్వంత కనబడుతుంది. మనిషి దూరేంత ద్వారానికి సరిపడా ఎక్కణ్ణించి తేవడం? ఎవరికీ తెలీదు. ఇంతవరకూ వార్మ్‌హోల్‌ని చూసినవాడు లేడు.

ఇక మన సొరంగం. శ్రీకూర్మం నుంచి కాశీ తిన్నగా గీత గీసినా దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్లుంటుంది. భూమిలో సొరంగం తవ్వితే అందులోనూ ఎనిమిది వందలూ నడవాల్సిందే. దూరం తగ్గనప్పుడు అది వార్మ్‌హోల్ ఎలా అవుతుందండీ?

మా మామ్మ ఆ గుళ్ళో తాబేళ్ళకి ఆకులు వేస్తూ నాకీ కథ చెప్పింది. ఫిజిక్సు కోసం చెప్పలేదు. కాశీకి వెళ్ళినవాడూ కాటికి వెళ్ళినవాడూ ఒకటే అనుకునే రోజులు ఆవిడవి. రైలు ఖర్చులకి లేని ముసలమ్మ శ్రీకూర్మంలో నిలబడి, కాశీ నా కాళ్ళ కిందే వుందనుకుంటే ఎంత నిబ్బరం! ఆ కథ పని ఆ కథ చేసింది. దానికి ఐన్‌స్టీన్ సంతకం ఎందుకూ? కథలల్లి బతికేదాన్ని, కథేదో లెక్కేదో నేనైనా చెప్పాలి కదా.

సీమవాళ్ళేమీ తక్కువ తినలేదు. 2022లో క్వాంటమ్ కంప్యూటర్ మీద ఓ చిన్న నమూనా లెక్క నడిపితే, వార్మ్‌హోల్ తయారైపోయిందని పత్రికలు గోల చేశాయి. కానీ ఆ లెక్కని సాటి శాస్త్రజ్ఞులే నిలదీశారు. "కూర్చోండి, నమ్మకం వుండాలి" అని వాళ్ళ నోరెవరూ నొక్కలేదు. తేడా అక్కడుంది.

భక్తికీ ప్రశ్నకీ పడదని కూడా నేననను. పశ్చిమ గోదావరిలో పుట్టిన స్వామి జ్ఞానానంద సన్యాసి. ఆయనే యూరప్ వెళ్ళి, ప్రేగ్‌లో ఎక్స్ కిరణాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుని, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్సు శాఖని నిలబెట్టారు. అన్నీ మనకి ముందే తెలుసని కాషాయం కట్టి ఇంట్లో కూర్చోలేదు.

అన్నీ తెలుసన్న ఇంట్లో పిల్లలు ఇంకేం కనుక్కుంటారు? అదీ నా కోపం. సొరంగం వుందా లేదా అన్నది కాదు. అడగడానికి లేచిన పిల్లని కూర్చోబెట్టాం. నేనూ చూస్తూ కూర్చున్నాను.

ఆ బడివాళ్ళు మళ్ళీ పిలుస్తారో లేదో, ఇది చదివాక అసలే పిలవరు. అందుకని ఇక్కడే చెబుతున్నా. అమ్మడూ, ఆ కన్నాన్ని ఏటి పట్టుకుంటాదో ఇంకా ఎవరికీ తెలీదు. నువ్వు లే. మళ్ళీ అడుగు. ఈసారి చప్పట్లు నీకు.