సరిహద్దు దాటితేనే శరణార్థి

వాడరేవు పక్కనున్న చీరాల 1921లో చాలావరకు ఖాళీ అయింది. మునిసిపాలిటీ పన్నులు కట్టలేమంటూ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట వేలాది మంది ఊరు విడిచి, రామనగర్‌లో పాకలు వేసుకుని పదకొండు నెలలున్నారు. అదే ఏడాది నానాజాతి సమితి నార్వే దేశస్థుడు నాన్సెన్‌ను శరణార్థుల హైకమిషనర్‌గా నియమించింది. రష్యా విప్లవంతో చెదిరిపోయిన వారికి గుర్తింపు పత్రాలిప్పించడం ఆయనకు ముందుగా ఎదురైన పని. చీరాల వారు అప్పుడే కాదు, ఇప్పుడైనా ఆ లెక్కలోకి రారు. సరిహద్దు దాటలేదు మరి!

దాటిన తెలుగువారికైనా ఒరిగిందేమీ లేదు. 1941 డిసెంబరులో బర్మాలోని రంగూన్ మీద జపాన్ బాంబులు పడగానే అక్కడి తెలుగు రేవు కూలీలు కట్టుబట్టలతో కదిలారు. ప్రోమ్ నుంచి అరకాన్ కొండలెక్కి, తాంగప్ మీదుగా చిట్టగాంగ్ వైపు నడిచిన దారిలో కలరా, ఆకలి ఎందరినో పొట్టన పెట్టుకున్నాయి. వారికి దిక్కు బ్రిటిష్ సర్కారే. ఆ సర్కారుకు ముందుగా కనిపించింది తెల్లవారే.

యుద్ధం ముగిశాక వచ్చిన 1951 శరణార్థుల ఒడంబడిక కూడా ఆ ఏడాది జనవరి 1కి ముందు జరిగిన ఘటనలకే వర్తించేది; కావాలంటే ఐరోపా వరకే పరిమితం చేసుకునే వీలూ ఇచ్చింది. 1967 ప్రొటోకాల్ ఆ కాలపరిమితిని తీసేసింది. వేధింపులే కాదు, పరాయి ఆక్రమణ, అల్లకల్లోలం కూడా కారణాలేనని 1969లో ఆఫ్రికా దేశాలు ఒప్పుకున్నాయి. భారత్ వీటి జోలికి పోలేదు. అయినా 1971లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన సుమారు కోటి మందికి చోటిచ్చింది. ఔదార్యానికి లోటు లేదు, లేనిదల్లా చట్టమే.

చట్టం లేకపోతే ఏమవుతుందో మన దగ్గరే చూడొచ్చు. బర్మాలో నె విన్ సర్కారు 1964లో దుకాణాలను జాతీయం చేశాక అక్కడి నుంచి వచ్చిన తెలుగువారు మనవాళ్లు కాబట్టి, ప్రభుత్వం పునరావాసం కల్పించింది. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. అదే అరకాన్ నుంచి ప్రాణాలరచేత పట్టుకుని హైదరాబాద్ బాలాపూర్ చేరిన రోహింగ్యాల చేతిలో ఐక్యరాజ్యసమితి కార్డుంది, మన చట్టంలో దానికి విలువ లేదు. దయ చూపాలో, వెళ్లగొట్టాలో అప్పటికి గద్దెమీదున్న ప్రభుత్వం ఇష్టం.

జీవించే హక్కు పౌరులకే కాదు, ఈ నేల మీదున్న ప్రతి మనిషికీ ఉంటుందని 1996లో చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని చట్టంగా మలచాల్సింది పార్లమెంటు. ఆ పని ఇప్పటికీ జరగలేదు.