గుణచిత్ర నటి షౌకత్ కైఫీ

2019 నవంబరు 22న షౌకత్ కైఫీ ముంబయిలో కన్నుమూసినప్పుడు చాలామంది ఆమెను కవి కైఫీ ఆజ్మీ భార్యగా, నటి షబానా ఆజ్మీ తల్లిగా స్మరించారు. అది అసత్యం కాదు, అసంపూర్ణం. మన హైదరాబాదులో పెరిగి, రంగస్థలం మీదా వెండితెర మీదా దశాబ్దాల పాటు నిలిచిన నటిని గూర్చి చెప్పవలసినది అంతేనా?

1947లో హైదరాబాదు ముషాయిరాలో కైఫీ కవిత్వం విని, ఆ యేడే ఆమె బొంబాయి చేరి ఆయనను వివాహమాడారు. కవిగారి సంపాదన కమ్యూనిస్టు పార్టీకి పోయేది. సంసారభారంలో ఆమె పాలు పంచుకొనక తప్పలేదు. మన ప్రజానాట్యమండలి ఏ సంస్థకు శాఖయో ఆ ఇప్టాలోనూ, పృథ్వీరాజ్ కపూర్ గారి పృథ్వీ థియేటర్స్‌లోనూ ఆమె నటించారు. పసిబిడ్డ షబానాను వీపున కట్టుకొని రిహార్సళ్లకు వెళ్లేవారట. నటన ఆమెకు సరదా కాదు, కూలి.

ఆ కూలి విలువ తెరమీద తెలుస్తుంది. ఎం.ఎస్. సత్యు తీసిన ‘గరమ్ హవా’ (1973)లో ఆమె ఆగ్రా చెప్పుల వ్యాపారి సలీమ్ మీర్జా ఇల్లాలు. దేశవిభజన ఆ ఇల్లాలికి ఉపన్యాసాలలో కాక, సొంత ఇల్లు చేజారడంలో, కూతురి పెళ్లి తప్పిపోవడంలో అనుభవానికి వస్తుంది. ‘ఉమ్రావ్ జాన్’ (1981)లో ఆమే లక్నో వేశ్యాగృహాన్ని ఏలే ఖానమ్. దుష్టురాలని చూపడానికి కళ్లెర్ర చేయనక్కరలేదని ఆ పాత్ర చూసి నేర్చుకోవచ్చు. పెద్దింటి ఆడపడుచు మర్యాదతోనే ఆమె మనలను భయపెడుతుంది. పై రెండు పాత్రలలోనూ ఉన్నది ఒక్క మనిషేనంటే నమ్మశక్యం కాదు. మన హైదరాబాదు పేద ముస్లిం ఆడపిల్లల గతిని చూపిన ‘బాజార్’ (1982)లోనూ, ‘సలామ్ బాంబే’ (1988)లోనూ ఆమె ఉన్నారు. వీటిలో ఒక్కదానిలోనూ నాయిక కారు.

కళాశాల సంఘంవారికి నా విన్నపం ఇక్కడే. మన వార్షికోత్సవ నాటకాలకు ఉత్తమ నటుడు, ఉత్తమ నటి అని రెండే బహుమతులు. అవి నాయికానాయకుల ఇల్లు దాటి పోవు. తల్లి, అత్త, నౌకరు వేషాలు చివరకు మిగిలినవారికి అంటగట్టబడతాయి. వారు సంభాషణలు అప్పగించి దిగిపోతారు, ఎవరినీ తప్పుపట్టలేము. గుణచిత్ర నటనకు మూడవ బహుమతి పెట్టండి. ఖర్చు ఒక్క కప్పు.

ఈ యేటి నాటకంలో నాయనమ్మ వేషానికి ఇంతవరకు ఎవరూ పేరు ఇవ్వలేదని విన్నాను.