పిల్లల కుదుపులు: కొంటెతనమూ కాదు, గాలి సోకడమూ కాదు

వరంగల్: మగవారికి కుడికన్ను అదిరితే శుభమనీ, ఎడమకన్ను అదిరితే కీడనీ మన పల్లెల్లో అనుకోవడం కద్దు. కాని బడికి వెళ్ళే పిల్లవాడు రోజంతా రెప్పలు టపటపలాడిస్తూ, మెడ విదిలిస్తూ, భుజం ఎగరవేస్తూ ఉంటే ఆ ఇంట శకునాలు గుర్తుకు రావు. కోపం వస్తుంది, ఆపైన భయం వస్తుంది. కొందరు పిల్లలు ఊరికే గొంతు సవరిస్తారు, ముక్కు ఎగబీలుస్తారు. వీటిని వైద్యులు ‘టిక్స్’ అంటారు. ఒంటి కుదుపులతోపాటు గొంతు చప్పుళ్ళు కూడా ఉండి, ఏడాది దాటితే దానిని టూరెట్ జబ్బు అంటారు. 1885లో టూరెట్ అనే ఫ్రెంచి వైద్యుడు తొమ్మిదిమంది రోగులను గురించి వ్రాయడంతో ఆ పేరు వచ్చింది.

తల్లిదండ్రుల లెక్క

“సారు ముంగట సక్కగుంటడు, ఇంటికి రాంగనే మొదలు పెడ్తడు. కావాల్నని చేస్తుండు.” ఇటువంటి ఇళ్ళలో వినవచ్చే మాట ఇది. పొరపాటు ఈ లెక్కలోనే ఉంది. జబ్బు ఉన్నవారు చెప్పే సంగతి వేరు. కుదుపుకు ముందు ఆ చోట దురదవంటిది, బిగింపువంటిది పుడుతుందనీ, కదిలిస్తేగాని అది తీరదనీ వారంటారు. తుమ్మును కాసేపు ఆపుకోగలం, ఎల్లకాలం ఆపుకోలేం. తోటివారు నవ్వుతారని బడిలో బిగబట్టుకున్నవాడు ఇంటి గడప తొక్కగానే వదిలివేస్తాడు. చిన్నపిల్లలకు ఈ సంగతి చెప్పడం కూడా చేతకాదు. ‘ఎందుకు చేస్తున్నావురా’ అంటే బిక్కమొగం వేస్తారు. పెద్దలు దానిని మొండితనం కింద జమకడుతున్నారు. ఎదిగిన పిల్లవానికి మరో గండం కూడా ఉంది. ఆడపిల్లలకు కన్ను కొట్టాడన్న నింద పడుతుంది.

తాయెత్తు మహిమ ఎంత?

గాలి సోకిందనీ, ఎవరో ఏదో చేశారనీ తాయెత్తు కట్టించేవారున్నారు. నెలలో తగ్గితే నమ్మకం కుదురుతుంది. అయితే హెచ్చుతగ్గులు ఈ జబ్బు స్వభావం. కొన్ని వారాలు ముదిరి, తనంతట తానే తగ్గి, మళ్ళీ కన్ను విడిచి మెడకు మారుతుంది. బాగా ముదిరినప్పుడే ఎవరైనా తాయెత్తుకు పోతారు. ఆ తరువాత తగ్గడం సహజం. తిరిగి వచ్చినప్పుడు మరో మంత్రగాడు, మరో ఖర్చు. చేతబడి అనుమానం ఇరుగుపొరుగు మీదికి పోవడం అంతకన్న పెద్ద ప్రమాదం. ఆ అనుమానంతో తెలంగాణ పల్లెల్లో హత్యలే జరిగాయి.

అసలు సంగతి

మెదడులో కదలికలను అదుపుచేసే భాగాల పనిలో తేడావల్ల ఇది వస్తుంది. సాధారణంగా 5–7 ఏళ్ళ మధ్య మొదలై, 10–12 ఏళ్ళకు ముదిరి, పెద్దయ్యేసరికి ఎక్కువమందిలో తగ్గుతుంది. మగపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. కుటుంబాల్లో వస్తూ ఉంటుంది కనుక చేయెత్తే తండ్రి తన చిన్నతనాన్ని ఒకసారి గుర్తుచేసుకోవడం మంచిది. ఇది అంటువ్యాధి కాదు. తిట్టినా, అదేపనిగా గమనించినా ఎక్కువవుతుంది. స్వల్పంగా ఉంటే మందు అక్కరలేదు. ఎక్కువైతే కుదుపు రాబోయే ముందు మరో కదలికతో దానిని అడ్డుకునే అభ్యాసం నేర్పుతారు. అవసరమైతే మందులిస్తారు. హఠాత్తుగా మొదలైనా, స్పృహ తప్పినా అది మూర్ఛవంటి వేరే జబ్బు కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయరాదు.

కావలసిందేమిటి?

2013 నుంచి జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం కింద వైద్యబృందాలు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వస్తున్నాయి. వారు చూడవలసిన ముప్పై లోపాల జాబితాలో ఈ కుదుపులకు చోటు లేదు. అందుచేత ఉపాధ్యాయులే బృందం వచ్చిన రోజున ఆ పిల్లవాణ్ణి చూపించి, ఎం.జి.ఎం. ఆసుపత్రికి చీటీ వ్రాయమని అడగవలసి ఉంది. అక్కడి మానసిక వైద్య విభాగానికి వెళితే పిచ్చి అన్నట్లు కాదు. 2022లో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు ఇంటినుంచే ఉచితంగా ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

ఖర్చులేని పని ఒకటి ఈ రోజే మొదలుపెట్టవచ్చు. ‘ఆపు’ అనడం మానుకుంటే పిల్లవానికి సగం భారం దిగుతుంది.